పద్నాలుగో గడి

మా శాఖకిది ఏడేళ్లలో నాలుగో పేరు.
బోర్డు మార్చిన ప్రతిసారీ
గోడకు పాత మేకుల కన్నాలు మిగిలిపోతాయి.
మొదట ఆర్థికాభివృద్ధి అన్నారు,
తర్వాత ఉద్యోగాలన్నారు, ఆ తర్వాత ప్రాంతాలన్నారు,
ఈసారి నైపుణ్యాలు కూడా చేర్చారు.
ఉత్తరాల మీద పాత పేరు కొట్టేసి
కొత్త ముద్ర గుద్దే పని మాత్రం ఎప్పుడూ నాదే.

లోయ చివర ఆరు పొగగొట్టాలుండేవి.
ఉతికిన బట్టలు బయట ఆరెయ్యాలో వద్దో
మా అమ్మ వాటినే అడిగేది.
మే నెలలో ఒక బుధవారం, టీ వేళకి ముందే,
ఆరూ వరసగా మోకాళ్ల మీద కూలాయి.
మర్నాడు మా ఆఫీసులో టోకెన్ల యంత్రం పెట్టారు.

నలభై ఏడో టోకెను, దార్కో వుకెలిచ్.
ముప్పై ఒక్క ఏళ్లు టర్బైన్ హాల్లో.
టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు,
పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా.

"ఏం పని చేసేవారు?"
"వినేవాణ్ణి."

పొడుగాటి స్క్రూడ్రైవరుంటుందట.
మొన బేరింగు మీద, పిడి చెవి వెనక ఎముక మీద.
"బాగున్న బేరింగు నిద్రపోతున్న పిల్లి.
పాడవబోయేది, ఎలా చెప్పను,
అన్నంలో రాయి తగిలి, బయటికి చెప్పకుండా నమిలే మనిషి."

నా ఫారంలో పద్నాలుగో గడి:
'ఇతర రంగాల్లో పనికొచ్చే నైపుణ్యాలు.'
నొక్కితే కిందికి జాబితా జారుతుంది.
నలుగురితో కలిసి పనిచేయగలరు. కంప్యూటరు తెలుసు. బరువులెత్తగలరు.
వినడం కూడా ఉంది, లేకపోలేదు,
కానీ అది కస్టమర్ల మాట వినడం.
దాన్నే నొక్కాను.

వెళ్తూ వెళ్తూ తలెత్తి పైకప్పు వైపు చూశాడు.
"మీ ఏసీ. మూడు వారాలు.
ఎండలు తగ్గితే నాలుగు."
నేను చెవిన పెట్టలేదు.

ఫిబ్రవరిలో నలభై రెండు డిగ్రీల రోజున
పైన ఏదో గొంతు సవరించుకుని ఆగిపోయింది.
గార్డు మెర్విన్ నిప్పులార్పే సిలిండరు అడ్డం పెట్టి తలుపు తెరిచాడు.
'మీ రేపు ఇక్కడే మొదలు' అన్న కరపత్రాలతో
పంతొమ్మిది మంది విసురుకుంటున్నారు.
నేను క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కపెట్టాను.
ఇరవై మూడు రోజులు.

ఆ సాయంత్రం అతని ఫైలు తెరిచి
పద్నాలుగో గడిలో ఉన్నది చెరిపి, కొట్టాను:
యంత్రం చచ్చేలోపు వింటాడు.
ఎర్రక్షరాలొచ్చాయి. సరైన కోడ్ ఇవ్వండి.
ఇంకోలా కొట్టాను. సరైన కోడ్ ఇవ్వండి.
చివరికి చేత్తో రాసి, పిన్ను గుచ్చి, రాజధానికి పంపాను.
అక్కడ ఎవరైనా చదివారో లేదో
ఇప్పటికీ తెలీదు.

అప్పటికే అతను వృద్ధుల సంరక్షణ కోర్సులో చేరిపోయాడు.
ఆ మూడు నెలలకి డబ్బు మిగిలింది ఆ పద్దులోనే మరి.
ఇరవయ్యేళ్ల పిల్లల మధ్య నిలబడి
దుప్పటి మూలలు మడవడం నేర్చాడు.
డెబ్బై ఎనిమిది మార్కులు.
పై అధికారి వచ్చి గోడ మీద పటం చూపించినప్పుడు
మా లోయలో ఒక ఆకుపచ్చ చుక్క అతనే.
చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

జూలైలో, సూపర్‌మార్కెట్లో, బంగాళదుంపల దగ్గర కనబడ్డాడు.
"ఎలా ఉంది కొత్త పని?"
"రాత్రి డ్యూటీ. ఇరవై నాలుగు గదులు.
లైట్లార్పేసి నడవాలో కాసేపు నిలబడతా."
ఒక దుంపను బొటనవేలితో నొక్కి చూశాడు.
"ఎనిమిదో గదిలో పెద్దావిడ ఆక్సిజన్ యంత్రం బాగానే ఉంది.
బాగాలేనిది యంత్రం కాదు."
దుంపను తిరిగి గుట్టలో పెట్టేశాడు.
"నర్సుకి చెప్పాను.
వాళ్ల ఫారంలోనూ దానికి గడి లేదట."

ఏమనాలో తోచక ట్రాలీ ముందుకి తోశాను.
ఎడమ చక్రం కీచుమంది.
ఇద్దరం విన్నాం.